ఈ పూట మరియా నేనే

మా స్థావరంలో మరియా అనే మనిషి లేదు.
ఊడ్చే వంతు ఎవరికొస్తే
వాళ్ళే ఆ రోజుకి మరియా.
గోడమీది పట్టికలో నీలం అయస్కాంతం
ఈ పూట నా పేరు పక్కకి జరిగింది.
గడ్డం ఉన్న మరియాని,
గాలివేగం రాసుకునే మరియాని,
బకెట్టూ తడిగుడ్డా అందుకున్నాను.

ఉదయం ఆరు. ఆ మాట గడియారానిది.
కిటికీ ఏమీ అనదు.
సూర్యుడు వెళ్ళి నలభై మూడు రోజులు.

ముందు నీళ్ళు.
తలుపుని భుజంతో నెట్టాలి,
రాత్రంతా గాలి బయటినుంచి దాన్ని పూడ్చింది.
తాడు పట్టుకుంటే ముప్ఫై అడుగులు,
తాడు వదిలితే
ఎన్నడుగులో చెప్పడానికి ఎవరూ తిరిగి రారు.
ఇటుకల్లా కోసి తొట్టిలో వేస్తాను.
కొండంత పోస్తే కుండెడు.
మంచు మంచినీళ్ళవ్వాలంటే డీజిల్ మండాలి,
డీజిల్ మండాలంటే దమాసియో నిద్ర మానాలి.
సబ్బు కళ్ళలో ఉండగా నీళ్ళాగిపోయిన రోజు
ఓఫేలియా గోడ అవతలనుంచి తిట్టిన తిట్లు
ఇప్పటికీ మాకు పండగ.

వంటింట్లో ఎవరిస్తో
ఆఖరి ఉల్లిగడ్డని కొయ్యనంటాడు.
మొలకొచ్చింది దానికి, వేలెడు పచ్చన.
దీపం కింద డబ్బాలో నిలబెట్టి
వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ
దానిమీద ఊపిరి వదలొద్దంటాడు.

పది గంటలకి మాతే.
ఒకటే బుర్ర, ఒకటే గొట్టం,
చేతినుంచి చేతికి చేదు వేడి.
'గ్రాసియాస్' అంటే ఇక చాలని అర్థం,
ఆ మాటన్నవాడికి మళ్ళీ పోయరు.
రేడియో చూసే బాల్తసార్
పది రోజులుగా మొదటి గుక్కకే ఆ మాట అంటున్నాడు.
అందరం విన్నాం.
నెలిదా బిస్కెట్ల పళ్ళెం అతనివైపు జరిపింది, అంతే.

మరియానైనా బెలూను మానదు.
మధ్యాహ్నపు చీకట్లోకి దాన్ని వదిలి
మెడ నొప్పెట్టేదాకా చూశాను, కనబడదని తెలిసీ.
పైకి పోయేకొద్దీ ఉబ్బుతుంది,
ఉబ్బి ఉబ్బి ఎక్కడో పగులుతుంది,
పగిలేదాకా అంకెలు పంపుతూనే ఉంటుంది.
ఎనభై తొమ్మిది నిమిషాలు. ఈ వారంలో ఇదే ఎక్కువ.

ఇక కప్పులు.
మేం పదకొండు మందిమి, కొక్కేలు పన్నెండు.
పన్నెండోది ఫెర్మిన్‌ది, రైలింజన్ బొమ్మది.
మార్చిలో ఆఖరి విమానంలో
కడుపు పట్టుకుని వెళ్ళాడు.
చావలేదు. కోర్దొబాలో ఉన్నాడు,
పేగు ముక్క తీసేశారట, మాంసం బాగా తింటున్నాడట.
అయినా ఎవరు మరియా అయినా
తాగని ఆ కప్పుని రోజూ కడుగుతారు.
ఎవరూ చెప్పలేదు కడగమని.
పట్టికలో ఆ పని లేదు.

బయటినుంచి వచ్చిన వేళ్ళు ఇంకా నావి కావు.
జారింది.
ఇంజను ఒకవైపు, పొగ ఒకవైపు.

భోజనాల గదిలో చెంచాలు ఆగాయి.
చెప్పాలని నోరు తెరిచాను,
ఏ మాటా సరిపోయే కొలతలో దొరకలేదు.
అప్పుడు నవ్వాడు బాల్తసార్.
నిజంగానే, పొట్ట ఊగేలా.
"దరిద్రుడా, పేగు పోయిందని ఏడవనివాడు
దీనికి ఏడుస్తాడు.
నేనే చెప్తాలే రేడియోలో, మెల్లిగా,
తుఫాను మీదికి తోసేస్తా నేరం."
గిన్నె ముందుకి జరిపి ఇంకో గరిటె పులుసు అడిగాడు.
ఎవరిస్తో గరిటెడు కాదు, రెండు పోశాడు.

రాత్రి పుస్తకంలో రాశాను:
మంచు ఇరవై రెండు పారలు.
నేల తుడిచాను, మెట్లు రేపు.
కప్పు ఒకటి పగిలింది, నావల్ల.

దీపాలార్పబోతుంటే చూశాను,
చెత్తలోంచి పీచుపళ్ళ డబ్బా మాయమైంది.
జనరేటర్ గదిలో ఆకురాయి చప్పుడు,
కాసేపు గరగర, కాసేపు నిశ్శబ్దం,
అంచు నున్నగా ఉందా అని
ఎవరో పెదవితో చూసుకుంటున్నంతసేపు.

గాలి దక్షిణంనుంచి. అరవై రెండు. పెరుగుతోంది.